పక్షుల లెక్కలో నిల్ రిపోర్టు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు కబురు పంపారు. పెన్షను, కరువు భత్యం, ఆరోగ్య కార్డుల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం పక్కకు తిరిగి, మన ప్రాంతపు పక్షులు గడచిన నూరేళ్ళలో ఎక్కడ తగ్గాయి, ఎక్కడ పెరిగాయి, ఎందువల్ల, అన్న సంగతి తీసుకున్నాను. పదవీ విరమణ తరువాత తీరిక వేళల్లో ఈ విషయం మీద చదివినవీ, ఉద్యోగరీత్యా తిరిగిన జిల్లాల్లో చూసినవీ కలిపి రాస్తున్నాను.

"మా చిన్నతనంలో పిట్టలు ఎన్నుండేవండీ! ఇప్పుడు ఒక్కటైనా ఉందా?" అనే మాట మన సమావేశాల్లో కాఫీ వేళ తరచు వినపడుతుంది. ఏ పిట్ట, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం దాకా ఉండేది అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. జ్ఞాపకం మంచిదే గాని, అది ఫైలు కాదు.

ఆఫీసుల్లో పనిచేసినవారికి నిల్ రిపోర్టు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వారి కుటుంబ సభ్యుల కోసం చెబుతాను. నెలనెలా పై ఆఫీసుకు పంపవలసిన నివేదికలు కొన్ని ఉంటాయి. ఆ నెల రాయడానికి ఏమీ లేకపోయినా 'ఏమీ లేదు' అని రాసి, సంతకం చేసి పంపి తీరాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు "ఏమీ లేనప్పుడు కాగితం దండగ కాదా సార్?" అనేవారు. ఏమీ లేదని రాయకపోతే, నిజంగానే లేదో, ఎవరూ చూడలేదో పైవారికి తెలిసేదెలా? పక్షుల చరిత్ర చదివే కొద్దీ నాకు ఈ సంగతే గుర్తుకు వచ్చింది. ఒక పక్షి ఉన్నప్పుడు ఎవరో ఒకరు రాసిపెట్టారు. అది లేకుండా పోయిన రోజున చాలాచోట్ల ఎవరూ నిల్ రిపోర్టు పంపలేదు.

మొదటి రిజిస్టరు

మన ప్రాంతానికి సంబంధించి పద్ధతి ప్రకారం తయారైన పక్షుల రిజిస్టరు ఏదంటే, 1931–32లో సలీం అలీ చేసిన హైదరాబాదు సంస్థాన పక్షుల సర్వే అని చెప్పాలి. అప్పటికి ఆయన పేరు మోసిన వ్యక్తి కాడు. స్థిరమైన ఉద్యోగం కూడా లేదు. సంస్థానాల్లో పక్షుల సర్వే చేసిపెడతానని ముందుకు వచ్చి, నిజాం ప్రభుత్వం ఇచ్చిన ధనసాయంతో పని మొదలుపెట్టాడు. భార్య తెహ్మీనాతో కలిసి అడవుల్లో మకాములు వేస్తూ, ఏ పక్షి, ఏ చోట, ఏ తేదీన కనిపించిందో రాసుకున్నాడు. ఆ వివరాలు బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933–34లో వరుసగా అచ్చయ్యాయి. ఇవాళ తెలంగాణ జిల్లాల్లో ఒక పక్షి తగ్గిందా, పెరిగిందా అని తేల్చదలచినవారు తొంభై ఏళ్ళ నాటి ఆ కాగితాల దగ్గరికే పోవాలి.

గూడబాతులు పోయి వచ్చిన వైనం

కొల్లేరు గూడబాతుల సంగతి చూడండి. గూడబాతు అంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద నీటిపక్షి. చేపలే దాని ఆహారం. గోదావరి, కృష్ణల నడుమ ఉన్న కొల్లేరు ప్రాంతంలో ఇవి గూళ్ళు కట్టేవని వందేళ్ళ కిందటే తెలుసు. తరువాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి శాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామం దగ్గర వీటి పెద్ద స్థావరాన్ని చూశాడు. అప్పుడు అక్కడ దాదాపు 3,000 గూడబాతులు ఉన్నట్టు లెక్క. 1949లో ఆ వివరాలు ప్రకటించాడు. ఈయనే తరువాత ఇందుచూడన్ అనే కలంపేరుతో మలయాళంలో పక్షుల గురించి ప్రసిద్ధ గ్రంథం రాశాడు.

అంతటి స్థావరమూ 1975 ప్రాంతానికి లేకుండా పోయింది. ఆ దశాబ్దంలోనే కొల్లేరు రూపం కూడా మారసాగింది. సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి. చుట్టుపక్కల పట్టణాల మురుగు, పొలాల నుంచి మురుగు కాలువల్లో వచ్చే నీరు అందులోకే చేరాయి. నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే. 1999లో జీవో 120 ద్వారా ప్లస్ 5 కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీం కోర్టు ఆదేశాల మేరకు అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కాంటూరు ఎంత ఉండాలన్న వాదం ఆ తరువాత కూడా నడిచింది. లంక గ్రామాల వారి బతుకుతెరువు అందులో ముడిపడి ఉంది గనుక ఆ వాదాన్ని తేలికగా తీసివేయడానికి వీల్లేదు.

ఇంతలో గూడబాతులు తిరిగి వచ్చాయి. కైకలూరు దగ్గర ఆటపాక చెరువులో ఇప్పుడు వేల సంఖ్యలో గూళ్ళు పెడుతున్నాయి. చెట్లు చాలనందున అటవీశాఖ వారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నాటితే, వాటి మీద కూడా పుల్లలు పేర్చుకుని పిల్లల్ని చేసుకుంటున్నాయి. పక్షికి కావలసింది చుట్టుపక్కల చేప, నీటి నడుమ నిలకడైన ఆసరా, మనిషి అలజడి లేని నాలుగు నెలలు. ఈ మూడూ దొరికినచోట వచ్చి చేరుతుంది, ఏ ఒక్కటి తప్పినా లేచిపోతుంది.

ఈ మూడో వసతిని సర్కారు కంటె ముందే ఇచ్చిన ఊళ్ళు మనకు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, పాత అనంతపురం జిల్లాలో వీరాపురం, సూళ్ళూరుపేట ప్రాంతంలో నేలపట్టు ఇలాంటివి. వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదనే గూళ్ళు పెడతాయి. ఆ పక్షులు రావడం ఊరికి శుభమని, అవి వచ్చిన ఏడు వానలు బాగుంటాయని పెద్దల నమ్మకం. నేలపట్టులో రైతులకు ఇంకొక లాభం కూడా ఉంది. రెట్టలు కలిసిన చెరువు నీరు వరి పొలాలకు ఎరువుగా పనికి వస్తుంది. నేలపట్టు 1976లో రక్షిత కేంద్రం అయింది. ఊరివారి సంరక్షణ అంతకు ముందు నుంచే ఉంది.

86 ఏళ్ళు కనపడని కలివికోడి

ఇక కలివికోడి సంగతి మన పెన్షనర్లకు సులువుగా అర్థమవుతుంది. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ట్రెజరీవారు పెన్షను ఆపుతారు కదా. 86 ఏళ్ళు సర్టిఫికెట్ ఇవ్వకుండా ఒకనాడు కౌంటరు ముందు నిలబడిన పెన్షనరును ఊహించుకోండి. కలివికోడి చేసింది అదే.

నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఆంగ్లేయుడు 1848 ప్రాంతంలో ఈ పక్షిని మొదట లోకానికి తెలియజేశాడు. పెన్నా పరివాహకంలోని కొండల దగ్గర, కలివి పొదలు, ముళ్ళకంపలు పెరిగే నేలల్లో ఉంటుంది. పగలంతా పొదల్లో నక్కి, రాత్రి పూట తిరుగుతుంది. 1900లో అనంతపురం దగ్గర కనిపించినట్టు నమోదయింది. అక్కడితో రిజిస్టరు ఆగిపోయింది. భూమి మీద లేనేలేదని నిపుణులు అనుకునే స్థితి వచ్చింది.

1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వారు దాని బొమ్మ పట్టుకుని ఊరూరా విచారించారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున, రెడ్డిపల్లె దగ్గర, పిట్టలు పట్టడం తెలిసిన ఐతన్న అనే ఆయన రాత్రిపూట దీపం వెలుగులో ఒక పక్షిని పట్టుకున్నాడు. సొసైటీ తరఫున అక్కడ ఉన్న భరత్ భూషణ్ అది కలివికోడే అని నిర్ధారించాడు. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో చనిపోయిన పక్షి ఐతన్న లెక్కలో బతికే ఉంది. ఆయనను అడిగినవారు అంతవరకు లేరు, అంతే.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ పక్షి కంటికి కనపడడం అరుదు గనుక, పొదల మధ్య మెత్తని మట్టి పట్టీలు పరచి, తెల్లవారి దాని మీద పడిన అడుగుల గుర్తులు చూసి ఉనికి కనిపెట్టేవారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసంలోకి వచ్చింది. అభ్యంతరాల మీద తరువాత కాలువ దారి మార్చారు. 2010 తరువాత చాలా ఏళ్ళు మళ్ళీ జాడ దొరకలేదు. ఆ పొదలు వంటచెరకుకు, మేతకు, నిమ్మతోటలకు చూస్తూ ఉండగానే తరిగిపోతాయి. పొద పోతే ఈ పక్షికి ఇంకో ఇల్లు లేదు.

బంజరు అని రాసిన నేల

నేను కర్నూలు జిల్లాలో గుమస్తాగా పనిచేసిన రోజుల్లో నందికొట్కూరు వైపు క్యాంపులకు వెళ్ళినప్పుడు బట్టమేకపిట్టను రెండుసార్లు చూశాను. మీటరు ఎత్తు, మేకపోతంత బరువు ఉన్న పక్షి గడ్డిలో తల ఎత్తి నడుస్తుంటే, నిజంగా ఒక పెద్దమనిషి పొలం గట్టున నడుస్తున్నట్టే ఉండేది. దానికి చెట్టుతో పని లేదు. కనుచూపు మేర ఖాళీ గడ్డినేల కావాలి. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది.

1980ల మొదట్లో రోళ్ళపాడు దగ్గర ఈ పక్షుల మీద బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వారు అధ్యయనం మొదలుపెట్టారు. 1988లో 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేలను అభయారణ్యం చేశారు. కంచె లోపల గడ్డి బాగా పెరిగింది. కృష్ణజింకలు వందల్లోకి పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. కంచె బయట గడ్డినేల నానాటికీ సాగులోకి వచ్చి, కాలువ నీళ్ళు కూడా చేరాయి. బట్టమేకపిట్ట కంచె లోపల ఒక్కచోటే బతికేది కాదు. చుట్టూ ఉన్న పడావు భూములు కూడా దానికి కావాలి. ఏటికేడాది తగ్గి, ఇప్పుడు రోళ్ళపాడులో దాని పేరు మీద అభయారణ్యం మాత్రం మిగిలింది.

రెవెన్యూ లెక్కలు తెలిసినవాడిగా ఒక మాట చెబుతాను. మన అడంగళ్ళలో అడవికి ఒక పేరుంది, చెరువుకు ఒక పేరుంది, గడ్డినేలకు ప్రత్యేకించి పేరు లేదు. అది బంజరు. బంజరు అని రాశాక అది ఎవరికో ఒకరికి పట్టాగా పోవలసిన భూమి. భూమి లేని పేదవాడికి ఇవ్వడం తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. అయితే ఆ నేల అప్పటికే ఒక పక్షికి, గొర్రెల మందలకు ఉపయోగంలో ఉందని తెలిపే కాలం ఆ రిజిస్టరులో లేదు. లేని కాలంలో ఏ గుమస్తా ఏమి రాయగలడు?

దేశం మొత్తం మీద 1969లో 1,260 బట్టమేకపిట్టలు ఉన్నట్టు అంచనా వేశారు. ఇప్పుడు 150కి అటూ ఇటూ, ఎక్కువభాగం రాజస్థాన్ ఎడారిలో. అక్కడ కరెంటు తీగలకు కొట్టుకుని చచ్చిపోతున్నాయని సుప్రీం కోర్టు దాకా వ్యాజ్యం నడిచింది. 1960ల్లో జాతీయ పక్షిని ఎన్నుకునేటప్పుడు సలీం అలీ దీని పేరే సూచించాడు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

రాబందుల సంగతి

వెనుక పల్లెల్లో గొడ్డు చస్తే ఊరి బయట వేసేవారు. గంటలో రాబందులు దిగి, సాయంత్రానికి ఎముకలు మిగిల్చేవి. ఆ దృశ్యం 1990ల తరువాత పుట్టిన మన మనుమలు ఎరగరు. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి.

ఇది ఎలా బయటపడిందో గమనించాలి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి కేంద్రంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రజ్ఞుడు 1980ల చివర రాబందుల గూళ్ళు లెక్కపెట్టి ఉంచాడు. పదేళ్ళకు మళ్ళీ అక్కడే లెక్కపెడితే గూళ్ళు ఖాళీ అవుతున్నాయి, చెట్ల కింద చచ్చిన పక్షులు కనిపిస్తున్నాయి. పాత లెక్క లేకపోతే కొత్త లెక్కకు అర్థమే లేదు. కారణం 2004లో ప్రకటితమైంది. పశువుల నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్. మనలో మోకాళ్ళ నొప్పులకు ఆ మందు వాడనివారు అరుదు. అది ఇచ్చిన పశువు కొద్ది రోజుల్లో చస్తే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై ప్రాణం పోతుంది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. 2015లో మనుషులకు వాడే ఇంజెక్షన్‌ను పెద్ద సీసాల్లో అమ్మకుండా కట్టడి చేశారు. అదే కోవకు చెందిన మరి రెండు మందులను 2023లో పశువులకు నిషేధించారు.

రాబందులు పోతే మనకేమిటి అని అడిగేవారికి ఒక లెక్క ఉంది. 2024లో ఒక అమెరికన్ అర్థశాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, రాబందులు అంతరించినచోట కళేబరాలు కుళ్ళి నీరు కలుషితం కావడం, కుక్కలు పెరగడం వంటి కారణాలతో 2000–2005 మధ్య మన దేశంలో సుమారు 5 లక్షల మరణాలు అదనంగా జరిగాయి. జీతం లేకుండా పారిశుద్ధ్యం పనిచేసిన సిబ్బంది అవి. వారిని తీసివేశాక గాని పని విలువ తెలియలేదు. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనిపించినప్పుడు అటవీశాఖవారు ఎంత సంబరపడ్డారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇప్పటి లెక్క

అన్నీ తగ్గాయని చెప్పడం కూడా సరికాదు. 2023లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితి నివేదికలో 942 జాతుల సంగతి పరిశీలించారు. దాదాపు 30,000 మంది సామాన్య పక్షి ప్రియులు రాసి పంపిన 3 కోట్ల నమోదుల మీద ఆధారపడిన నివేదిక ఇది. దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగినవి 338 జాతులు. వాటిలో తగ్గినవి 204, నిలకడగా ఉన్నవి 98, పెరిగినవి 36. పెరిగినవాటిలో ముందున్నది నెమలి. పొలాల్లోకి దిగి పంట తింటోందని పాలమూరు వైపు రైతులు మొర పెట్టుకునే దాకా వచ్చింది.

తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట మాత్రం గడచిన 12 ఏళ్ళ లోపునే 30 శాతం దాకా తగ్గినట్టు ఆ నివేదిక చెబుతోంది. దసరానాడు పాలపిట్టను చూడడం మనకు ఆనవాయితీ. పొలానికి పోయి చూసి రావడం వేరు, ఎవరో రెక్కలు కట్టి పంజరంలో తెస్తే డబ్బిచ్చి చూడడం వేరు. రెండోది చట్టరీత్యా నేరం కూడా.

పిచ్చుక విషయంలో మన కాఫీ వేళ మాట సగమే నిజం. 2020 నాటి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగానే ఉంది. హైదరాబాదు వంటి మహానగరాల్లో తగ్గింది. మనలో చాలామందిమి పల్లె విడిచి నగరానికి చేరాము. పిచ్చుక పల్లెలోనే ఉండిపోయింది.

మనం చేయగలిగినది

ఈ నివేదికలకు ఆధారం ఎవరో పెద్ద శాస్త్రజ్ఞుల రహస్య పత్రాలు కావు. పొద్దున్నే లేచి, పావుగంట ఒకచోట కూర్చుని, కనిపించినవి రాసినవారి చీటీలే. పొద్దున్నే లేవడం, ఒకచోట కూర్చోవడం, శ్రద్ధగా రాయడం, ఈ మూడూ పెన్షనర్ల కంటె బాగా ఎవరు చేయగలరు?

నా సూచన ఇది. ఒక నోటుబుక్కులో అయిదు గళ్ళు గీయండి. తేదీ, సమయం, చోటు, పక్షి, సంఖ్య. వారానికి ఒకసారి, అదే చోట, అదే వేళకు పావుగంట చూడండి. పేరు తెలియకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి. ఈబర్డ్ అనే దానిలో ఫోను ద్వారా ఆ లెక్క చేర్చవచ్చు, పిల్లలు రెండు నిమిషాల్లో చేసిపెడతారు. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. జనవరిలో చెరువుల మీద నీటిపక్షుల లెక్కింపు 1987 నుంచి నడుస్తోంది. పల్లెలో ఉన్న మన సభ్యుల లెక్కకు విలువ మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడి నుంచి రాసి పంపేవారు తక్కువ.

ఒక నియమం మాత్రం తప్పకుండా పాటించండి. వెళ్ళారు, కూర్చున్నారు, ఎప్పుడూ కనిపించే పాలపిట్ట ఆ వారం కనిపించలేదు. పుస్తకం మూసి ఇంటికి రాకండి. ఆ గడిలో తేదీ వేసి, 'పాలపిట్ట: లేదు' అని రాయండి. అలాంటి చీటీ నాలుగు వారాలు వరుసగా వస్తే కారణం వెతకడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. రాబందుల కారణం తెలిసేసరికి నూటికి ఒక్కటే మిగిలింది.